నూలు డబ్బుతో కట్టిన ల్యాబుల్లో మన పిల్లల వంతు

(రాజపాళయం మిల్లు కార్మికుల సర్వసభ్య సమావేశంలో యూనియన్ కార్యవర్గం తరఫున చదివిన ప్రసంగ పాఠం. తెలుగు మాట్లాడుతూ తెలుగు లిపి చదవలేని సభ్యులు మనలో చాలామంది ఉన్నారు. చదవగలిగినవారు వారికి చదివి వినిపించవలసిందిగా విజ్ఞప్తి.)



ఈనాటి ఎజెండాలో వేతన ఒప్పందం, బోనసు, ఇ.ఎస్.ఐ. వైద్యం విషయాలు ఉన్నాయి. వాటికి ముందు పిల్లల సైన్సు చదువు గురించి మాట్లాడతామని కార్యవర్గం చెప్పినప్పుడు కొందరు సభ్యులు మొహం చిట్లించారు. "అది పంతుళ్ళు చూసుకోవలసిన పని, యూనియన్‌కు ఎందుకు?" అని ఎదురుగానే అడిగారు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబుగానే ఈ నాలుగు మాటలు రాసుకొచ్చాం.

కోన్ వైండింగులో పనిచేసే ఒక అక్క కూతురు పోయిన ఏడాది పదో తరగతిలో సైన్సులో మంచి మార్కులు తెచ్చుకుంది. ప్లస్ వన్‌లో మాత్రం సైన్సు గ్రూపు తీసుకోలేదు. ఎందుకమ్మా అని మేము అడిగాం. "ల్యాబు సామాను ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదు మామా, బీరువా అద్దం అవతల నుంచే చూశాను. అక్కడికి పోతే నవ్వుతారు" అంది. ఆ పిల్లకు బుర్ర తక్కువ కాదు, ఇంట్లో వాళ్ళు వద్దనలేదు. అద్దం అవతల ఉన్న గాజు సీసాలకు భయపడి ఆగిపోయింది.

ఇంకో సంగతి కూడా మీకు తెలుసు. పదో తరగతి పరీక్షలు అయ్యీ కాకముందే ఏజెంట్లు ఇళ్ళ ముందు నిలబడతారు. కాలేజీ వాళ్ళు, ప్లస్ వన్ వాళ్ళు ఆ తరవాతే వస్తారు. 2000ల్లో మన తమిళనాడు స్పిన్నింగ్ మిల్లుల్లో 'సుమంగళి' పేరుతో ఏం జరిగిందో మనం చూశాం. మూడేళ్ళు హాస్టల్లో ఉండి పనిచేస్తే చివర్లో పెళ్ళి ఖర్చుకు ఒక మొత్తం ఇస్తామని చెప్పి పదహారు, పదిహేడేళ్ళ పిల్లల్ని తీసుకుపోయారు. ఆ మొత్తం చేతికి రాకుండానే జబ్బుపడి తిరిగొచ్చిన వాళ్ళ కథలు మన వీధుల్లోనే ఉన్నాయి. ఏప్రిల్‌లో ఏజెంటు వచ్చి తలుపు కొట్టే వేళకు, ఆ పిల్ల మనసులో ఇంకో దారి ఉండాలి. లేకపోతే ఏజెంటు చెప్పిందే దారి. ఈ సంగతి యూనియన్ పని కాదంటే ఇంకేది యూనియన్ పని?

ఇక డబ్బు మాటకొద్దాం. సైన్సు చదువులకు దాతలు డబ్బులివ్వడం మన దేశంలో కొత్తేమీ కాదు. అందులో ఎంత డబ్బు నూలు అమ్మి సంపాదించినదో చాలామందికి తెలియదు. జంషెట్జీ టాటా 1877లో నాగపూరులో ఎంప్రెస్ మిల్లు పెట్టారు. ఆయన ఆస్తిలో పెద్ద భాగం బెంగుళూరులో సైన్సు పరిశోధన సంస్థకు రాశారు. ఆయన 1904లో పోయారు, ఆ సంస్థ 1909లో ఏర్పడింది. కోయంబత్తూరు పీలమేడులో పి.ఎస్.జి. కుటుంబం తెలుగు నాయుళ్ళే. 1926లో నలుగురు అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నప్పుడు దాన్ని అయిదు భాగాలు చేసి, అయిదో భాగాన్ని ధర్మానికి పెట్టారు. ఆ ధర్మసంస్థే 1951లో ఇంజనీరింగు కాలేజీ పెట్టింది. కేరళలో బట్టల మిల్లు నడిపిన అళగప్ప చెట్టియార్ 1948లో కారైకుడిలో 300 ఎకరాల భూమి, 15 లక్షల రూపాయలు ఇస్తే అక్కడ కేంద్ర ప్రభుత్వం విద్యుత్ రసాయన పరిశోధన సంస్థను కట్టింది. అది 1953లో మొదలైంది.

మన ఊరు కూడా ఈ విషయంలో వెనకబడిన ఊరు కాదు. మద్రాసు రాష్ట్రానికి 1949 నుంచి 1952 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఇక్కడివారే. తన ఇంటినే గాంధీ కలై మన్రానికి ఇచ్చేశారు. పి.ఎ.సి. రామసామి రాజా 1936లో రాజపాళయం మిల్లు పెట్టారు. ఆ తరవాత ఆ కుటుంబం బడులు, పాలిటెక్నిక్కు, 2013లో ఇంజనీరింగు కాలేజీ పెట్టింది. రాజుల కాలేజీ 1973లో వచ్చింది. ఈ ఊళ్ళో ఇవ్వని వాళ్ళు లేరని మేము అనం. కానీ ఇచ్చిన వాళ్ళు ఉన్నారు.

ఈ జాబితా ఎందుకు చదివామంటే, దాతలను పొగడడానికి కాదు, తిట్టడానికీ కాదు. ఆ నూలు వడికినది ఎవరు? తెగిన పోగు అతికినది ఎవరు? ఆ లాభంలో మన చెమట ఉంది. కాబట్టి మన పిల్లల కోసం ఆ ల్యాబు తలుపు తెరవమని అడిగేటప్పుడు మనం చేతులు కట్టుకుని నిలబడవలసిన పని లేదు. మర్యాదగా అడగాలి, కానీ భిక్ష అడిగినట్టు కాదు.

అడిగే ముందు, అసలు ఏం అడగాలో తెలుసుకోవాలి. డబ్బు ఇస్తే చాలదు. ఎలా ఖర్చుపెట్టారన్నదే తేడా. దీనికి మాకు కనపడిన మంచి ఉదాహరణ బొంబాయిలో ఉంది.

బొంబాయి మనకు దూరపు ఊరు కాదు. మన తెలుగు పద్మశాలీలు, పాలమూరు కూలీలు తరాలుగా అక్కడ మిల్లుల్లో పనిచేశారు. అక్కడి మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడిపింది. ఆ ఊళ్ళోనే టాటా మౌలిక పరిశోధన సంస్థ కింద 1974లో హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం మొదలైంది. మొదటి పెట్టుబడి సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు ఇచ్చిన విరాళం. భౌతిక శాస్త్ర పరిశోధకులు తమ గది వదిలి మునిసిపల్ బడులకు వెళ్ళారు. వి.జి. కులకర్ణి, ఎస్.సి. అగర్కర్ వంటివారు 1980ల మొదట్లో బీదవాడల పిల్లలను, అందులోనూ దళితుల పిల్లలను, ఒక రోజు కాదు, ఒక వారం కాదు, కొన్నేళ్ళ పాటు వదలకుండా చదివించారు. ఇళ్ళల్లో అంతకుముందు ఎవరూ హైస్కూలు చదవని పిల్లలు వీళ్ళు.

అక్కడ వాళ్ళు కనిపెట్టినది వినండి. పిల్లలకు సైన్సు రాకపోవడానికి మొదటి కారణం సైన్సు కాదు, భాష. పాఠ్యపుస్తకం రాసిన భాష, పిల్లవాడు ఇంట్లో మాట్లాడే భాష ఒకటి కావు. పేరుకు రెండూ మరాఠీయే! పుస్తకంలోని వాక్యాలను సులువు చేసి తిరగరాస్తే, అదే పాఠం అదే పిల్లలకు అర్థమైంది. చౌక సామానుతో చేత్తో ప్రయోగం చేయించి, చేసినదాన్ని నోటితో చెప్పించి, తరవాత రాయించారు. ఆ పిల్లల చదువు బాగా మెరుగుపడింది. తెలివి లేని పిల్లలని బడి వదిలేసిన వాళ్ళే వీళ్ళు.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి చూడండి. అక్కడ ఒక్క భాషలోనే ఇంత తిప్పలు ఉంటే, మన పిల్లలకు మూడు భాషలు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కాలేజీకి పోతే ఇంగ్లీషు. ఇంట్లో 'ఆవిరి' అంటారు, బడిలో 'నీరావి' అంటారు, కాలేజీలో 'వేపర్' అంటారు. పిల్లవాడికి తెలిసిన వస్తువు మూడు పేర్లతో మూడుసార్లు కొత్తదవుతుంది. తెలుగు ఇళ్ళంటే రాజుల వీధులు మాత్రమే అనుకోవద్దు. నాయుళ్ళు, రెడ్డియార్లు ఉన్నారు. అందరికంటే కష్టంలో ఉన్న అరుందతియర్లూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. 2009లో తమిళనాడు ప్రభుత్వం వాళ్ళకు ఎస్.సి. కోటాలో 3 శాతం విడిగా ఇచ్చింది. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు అటువంటి ఉపవర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. సీటు వచ్చింది, బాగుంది. ఆ సీటు దాకా సైన్సు చదువుకుని పోయేవాళ్ళు ఎంతమంది? ల్యాబు తలుపు దగ్గరే ఆగిపోతే కోటా ఎవరికి పనికొస్తుంది?

ఇక పనికిరాని పద్ధతి ఏదో మాకు అనుభవం మీద తెలుసు. కొన్నేళ్ళ క్రితం ఒక కాలేజీ వాళ్ళు 'విజ్ఞాన యాత్ర' అని మన పిల్లల్ని బస్సులో తీసుకుపోయారు. మిట్టమధ్యాహ్నం టెలిస్కోపు చూపించారు. అందులో ఏం కనపడుతుందో మీరే ఆలోచించండి. వేదిక మీద దాతగారికి శాలువా కప్పారు, ఫ్లెక్సీ ముందు ఫోటో తీశారు, పిల్లలకు తలా ఒక బిస్కట్ పాకెట్టు, ఒక పెన్ను ఇచ్చి సాయంత్రానికి దింపేశారు. మళ్ళీ ఎవరూ రాలేదు. పిల్లలు బిస్కట్లు బాగున్నాయన్నారు. ఆ ఖర్చుతో నలభై మంది పిల్లలకు ఏడాదంతా ప్రయోగాలు చేయించవచ్చునని తరవాత లెక్కవేసి చూసి బాధపడ్డాం.

ప్రభుత్వం చేసినవీ చెప్పుకోవాలి. కేంద్ర సైన్సు శాఖ 2008లో తెచ్చిన ఇన్‌స్పైర్ పథకం కింద, పదో తరగతిలో పై ఒక్క శాతంలో నిలిచి సైన్సు గ్రూపు తీసుకున్న పిల్లలకు యూనివర్సిటీల్లో, కాలేజీల్లో అయిదు రోజుల క్యాంపులు పెట్టారు. పెద్ద శాస్త్రవేత్తలతో మాట్లాడించారు. మంచి పనే. కానీ పై ఒక్క శాతంలో ఉన్నవాడు ఎలాగూ సైన్సు చదువుతాడు. మన పిల్లలు నడిమి వరసలో ఉంటారు. వాళ్ళను ఎవరూ పిలవరు. తమిళనాడు ప్రభుత్వం 2022 నవంబరులో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు 'వానవిల్ మన్రం' పేరుతో బడికే ప్రయోగ సామాను తీసుకొచ్చే ఏర్పాటు చేసింది. అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వ బడులకు ఎవరైనా విరాళం ఇవ్వడానికి 'నమ్మ స్కూల్' పథకం మొదలైంది. రెండూ ఉపయోగమే. తొమ్మిదో తరగతి నుంచి ప్లస్ టూ దాకా, ఏ గ్రూపు తీసుకోవాలో తేల్చుకునే ఆ నాలుగేళ్ళలోనే మన పిల్లల చెయ్యి పట్టుకునేవాళ్ళు తక్కువ.

చిత్తూరు జిల్లా కుప్పంలో ఇంకో రకం పని నడుస్తోంది. అది యూనివర్సిటీ పని కాదు, దాతల డబ్బుతో నడిచే అగస్త్య ఫౌండేషన్ పని. 1999లో మొదలైంది. 172 ఎకరాల్లో ప్రయోగశాలలు ఉన్నాయి. వ్యాన్లలో సామాను వేసుకుని పల్లె బడులకు తిరుగుతారు. షేర్ మార్కెట్‌లో పేరున్న రాకేశ్ ఝున్‌ఝున్‌వాలా వంటివారు దానికి పెద్ద విరాళాలు ఇచ్చారు. ఆయన 2022లో చనిపోయారు. మాకు అందులో నచ్చిన విషయం వేరు. బడి పిల్లలనే తయారుచేసి, వాళ్ళతోనే మిగతా పిల్లలకు ప్రయోగం చెప్పిస్తారు. కుప్పం కూడా మన ఊరిలాగే భాషలు కలిసిన చోటు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినపడతాయి. పక్కవాడి పిల్ల మన భాషలో చెబితే భయం పోతుంది. ఇది పెద్ద ఖర్చు లేని పని.

ఇప్పుడు మిల్లుల పుట్టిల్లు అయిన మాంచెస్టరు కథ ఒకటి చెప్పాలి. అక్కడ 1824లో బ్యాంకర్లు, ఇంజనీర్లు, పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ వంటి శాస్త్రవేత్తలు కలిసి పనివాళ్ళకు సైన్సు నేర్పే సంస్థ ఒకటి పెట్టారు. ఉద్దేశం మంచిదే. పనివాళ్ళు చందా కట్టి సాయంత్రం క్లాసులకు వెళ్ళారు. కానీ సంస్థను నడిపేవాళ్ళను ఎన్నుకునే హక్కు పెద్ద విరాళాలిచ్చిన వాళ్ళకే పెట్టారు. ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు అన్నీ వాళ్ళే తేల్చేవారు. అయిదేళ్ళకు, 1829లో, రోలండ్ డెట్రోసియర్ అనే ఆయన నాయకత్వంలో కొందరు బయటికి వచ్చి తమ సొంత సంస్థ పెట్టుకున్నారు. ఈ డెట్రోసియర్ చిన్నప్పుడు ముతక నూలు గుడ్డ కోసే పనిలో ఉన్నవాడు, సొంతంగా చదువుకుని ఉపన్యాసకుడైనవాడు. విడిపోయిన సంస్థ ఎక్కువ కాలం నిలవలేదు, డబ్బు చాలలేదు. అయితే 1830ల్లో పాత సంస్థ దిగివచ్చి, చందా కట్టే మామూలు సభ్యులకు ఓటు ఇచ్చింది. ఆ సంస్థ పెరిగి పెరిగి ఈనాటి మాంచెస్టర్ యూనివర్సిటీలో కలిసిపోయింది. దాత డబ్బు లేకపోతే పనివాళ్ళ సంస్థ నిలవలేదు. పనివాళ్ళ మాట వినకపోతే దాత సంస్థకూ కుదరలేదు. మేము చెప్పదలచుకున్నది అంతా ఇందులోనే ఉంది.

ఇక చట్టం ఏం చెబుతుందో చూద్దాం. ఇది జాగ్రత్తగా వినండి, మనకు పనికొచ్చేది ఇదే. 2013 కంపెనీల చట్టం ప్రకారం, 2014 ఏప్రిల్ 1 నుంచి, నికర ఆస్తి 500 కోట్లు గాని, టర్నోవరు 1,000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని ఉన్న కంపెనీ, వెనకటి మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. దీన్నే సీఎస్‌ఆర్ అంటున్నారు. సగటున 10 కోట్ల లాభం ఉన్న మిల్లయితే ఏడాదికి 20 లక్షలు. విద్య ఆ జాబితాలో ఉంది. కంపెనీ పనిచేసే చోటికి, దాని చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలోనే రాసి ఉంది. ఏ పనికి ఎంత ఖర్చుపెట్టారో వార్షిక నివేదికలో పట్టిక వేయాలి. ఆ పట్టిక మనమూ చదవవచ్చు. మన వాళ్ళలో ఎందరు చదివారు? కార్యవర్గంలో ఉన్న మేమే ఈ ఏడాది దాకా చదవలేదు, ఒప్పుకుంటున్నాం.

అందులో ఒక మెలిక ఉంది. కంపెనీ తన సొంత ఉద్యోగుల కోసం పెట్టే ఖర్చు ఈ లెక్కలోకి రాదు. అంటే "మా మిల్లు కార్మికుల పిల్లలకే ఇవ్వండి" అని అడిగితే వాళ్ళు సులువుగా తప్పించుకుంటారు, చట్టమూ వాళ్ళ పక్షాన ఉంటుంది. ఊళ్ళో ఉన్న బీదపిల్లలందరికీ కలిపి అడగాలి. చత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసేవాళ్ళ పిల్లలు, మునిసిపల్ శుభ్రత పని చేసేవాళ్ళ పిల్లలు, చిన్న మిల్లుల్లో కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళ పిల్లలు అందరూ వస్తారు. మొదట్లో ఇది మనకు నష్టమని కొందరు అన్నారు. ఆలోచిస్తే ఇదే సరైనది అనిపించింది. అయిదు కోట్ల లాభం లేని చిన్న మిల్లులో పనిచేసేవాడి కొడుకు బయట ఎందుకు నిలబడాలి?

ఇంకొకటి. ఈ డబ్బుతో ఒక పనిని మొదలైన ఏడాది కాక మరో మూడేళ్ళు కొనసాగించడానికి నియమాలు ఒప్పుకుంటాయి. కాబట్టి "ఒక రోజు క్యాంపే కుదురుతుంది" అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. తొమ్మిదో తరగతిలో చేరిన పిల్లను ప్లస్ టూ దాకా తీసుకుపోవడానికి సరిగ్గా సరిపోయే కాలం అది.

మరి ఆ క్లాసులో ఏం నేర్పాలి? ప్రొఫెసర్లు చెబుతారు, మనకేం తెలుసు అనుకోవద్దు. మన మిల్లులోనే ఎంత సైన్సు ఉందో చూడండి. రింగ్ ఫ్రేములో 40 మిల్లీమీటర్ల రింగు మీద ట్రావెలరు తిరుగుతుంది. కదురు నిమిషానికి 16,000 చుట్లు తిరుగుతోందనుకోండి. రింగు చుట్టుకొలత 125 మిల్లీమీటర్ల పైన. హెచ్చవేస్తే నిమిషానికి రెండు కిలోమీటర్లు, అంటే గంటకు 120 కిలోమీటర్లు! మదురై బస్సు ఆ వేగంతో పోతే మనం ఎక్కం. గోరంత ఇనప ముక్క రోజంతా ఆ పరుగు పెడుతుంది కాబట్టే అరుగుతుంది, వేడెక్కుతుంది, మార్చవలసి వస్తుంది. వృత్తం, వేగం, రాపిడి మూడు పాఠాలూ అందులోనే అయిపోతాయి.

కౌంటు సంగతీ అంతే. 840 గజాలు ఒక హ్యాంకు. 40 హ్యాంకులు కలిసి ఒక పౌను తూగితే 40వ నంబరు నూలు. ఆ పౌను నూలు సాగదీస్తే 33,600 గజాలు, అంటే 30 కిలోమీటర్ల పైచిలుకు. ఇక్కడి నుంచి శ్రీవిల్లిపుత్తూరు వెళ్ళి తిరిగివచ్చినా ఇంకా మిగులుతుంది. ఈ లెక్క తండ్రి చెబితే కొడుకు నోరు తెరుచుకుని వింటాడు. గోడకు తగిలించిన తడి బల్బు, పొడి బల్బు థర్మామీటర్లు ఎందుకున్నాయి, గాలిలో తేమ తగ్గితే పోగులు ఎందుకు తెగుతాయి, దూదికి కరెంటు పట్టినట్టు చేతికి ఎందుకు అంటుకుంటుంది అన్నవి మనం రోజూ చూసేవే. మనకు కారణం ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు.

ఇందులో మన ప్రాణం సంగతీ ఉంది. సెలవు తరవాత పనికి వచ్చిన రోజు కార్డింగు, బ్లోరూము వాళ్ళకు గుండె బిగపట్టినట్టు ఉండడం మనకు తెలుసు. 'బిసినోసిస్' అంటారు దాన్ని. దూది దుమ్ము వల్ల వచ్చే జబ్బు. చట్టంలో వృత్తి జబ్బుల జాబితాలో ఉంది. కానీ దుమ్ము ఎంత ఉందో కొలిచే మిషను ఎలా పనిచేస్తుందో, ఆ కాగితం మీద అంకె నిజమో కాదో చూడగలిగినవాళ్ళు మన వైపున ఒక్కరూ లేరు. మేనేజిమెంటు నిపుణుడిని తెస్తుంది. మనం దగ్గుతూ కూర్చుంటాం. మన వీధి నుంచి ఒక అమ్మాయి రసాయన శాస్త్రం చదివి ఆ కాగితం చదవగలిగితే, ఆ రోజు చర్చల బల్ల దగ్గర మన కుర్చీ వేరుగా ఉంటుంది.

కాబట్టి కార్యవర్గం ఈ తీర్మానం మీ ముందు పెడుతోంది. ఊళ్ళో ఉన్న కాలేజీలు, పక్కనున్న యూనివర్సిటీలు శనివారం మధ్యాహ్నం ఒక ల్యాబును మన పిల్లలకు తెరవాలి. తొమ్మిదో తరగతిలో 40 మందిని తీసుకుని, అదే 40 మందిని ప్లస్ టూ దాకా వదలకూడదు. మార్కులు చూసి ఏరకూడదు, రావాలనుకున్న వాళ్ళ పేర్లు చీటీ వేసి తీయాలి. సగం మంది ఆడపిల్లలు ఉండాలి, చీకటి పడకముందే ఇల్లు చేరాలి. చెప్పేది తమిళంలో, అర్థం కాకపోతే తెలుగులో. దానికి మన ఇళ్ళల్లోనే డిగ్రీ చదివే పిల్లలు దొరుకుతారు, వాళ్ళకు కొంత గౌరవ వేతనం ఇవ్వాలి. రసాయనాలకు, సామానుకు, చెప్పేవాళ్ళకు అయ్యే ఖర్చు దాతలదీ సీఎస్‌ఆర్ డబ్బుదీ. లెక్కలు చూసే కమిటీలో కాలేజీ వాళ్ళు, దాత తరఫువాళ్ళు ఎంతమంది ఉంటే తల్లిదండ్రులూ అంతమంది ఉండాలి, వాళ్ళలో ఒక్కరైనా వైండింగు అక్క ఉండాలి. దాత పేరు బోర్డు మీద రాసుకోవచ్చు, మాకేం అభ్యంతరం లేదు. పిల్లల చేత శాలువాలు కప్పించే పని మాత్రం వద్దు.

మన వంతు కూడా ఉంది. బస్సు చార్జీ, టిఫిను కలిపి పిల్లకు ఒక శనివారానికి 50 రూపాయలు వేసుకున్నాం. 40 మంది పిల్లలకు ఏడాదికి 40 శనివారాలు అంటే 80,000 రూపాయలు. మన యూనియన్‌లో 600 మంది ఉన్నాం. నెలకు తలా 10 రూపాయలు ఇస్తే ఏడాదికి 72,000 వస్తుంది. తక్కువపడే 8,000 దీపావళి బోనసు రోజున డబ్బా పెట్టి వసూలు చేద్దాం. దాతే బస్సు పెట్టలేడా అని అడిగారు. పెట్టగలడు. కానీ బస్సు మనది అయితే, దాత మానేసిన ఏడాది కూడా పిల్లలు కాలేజీ గేటు దాకా పోతారు. గేటు ముందు 40 మంది పిల్లలు నిలబడితే లోపలివాళ్ళు ఎంతకాలం తాళం వేసి ఉంచుతారో చూద్దాం.

వేతన ఒప్పందం పెండింగులో ఉండగా ఇప్పుడెందుకు ఇది అన్నవాళ్ళకు మేము చెప్పేది ఒకటే. ఒప్పందం కోసం పోరాటం ఆగదు, దాని మాట ఈ సమావేశంలోనే తరవాత వస్తుంది. ఆ చర్చల్లో దీన్ని బేరంగా పెట్టం, జీతం తగ్గించుకుని ల్యాబు తెచ్చుకోం. యాజమాన్యం అలా కలిపి మాట్లాడితే రెండు ఫైళ్ళూ వేరు చేసి మాట్లాడమని చెబుతాం. అవసరమైతే ల్యాబు ఫైలు మూసేసి బయటికి వస్తాం.

తీర్మానం మీద చేతులెత్తే ముందు ఎవరైనా మాట్లాడాలంటే మాట్లాడండి. నెగ్గితే వచ్చే శనివారం మొదటి షిఫ్టు దిగాక యూనియన్ ఆఫీసులో పేర్లు రాసుకుంటాం. పిల్లల్ని వెంట తీసుకురండి. ఫారంలో చివర ఒక ఖాళీ గడి ఉంటుంది. ల్యాబులో మొదట ఏం చూడాలని ఉందో ఆ గడిలో పిల్లలే తమ చేత్తో రాయాలి. ఏ భాషలో రాసినా సరే.